బొట్టు పెట్టిన అతుకు

సందీప్ కారు మా షెడ్డుకు తనంతట తాను రాలేదు. వర్తూరు నుంచి కాడుగోడి దాకా ఒక టెంపో వెనక తాడు కట్టి లాక్కొచ్చారు. పాత ఎస్టీమ్. ఒకప్పుడు తెల్లది. అపార్ట్‌మెంటు కింద ఏళ్ళ తరబడి కదలకుండా నిలబడి టైర్లు అడుగున చదునైపోయాయి. గేటులోకి వస్తుంటే చక్రం తిరిగిన ప్రతిసారీ కుంటింది.

ఆ చప్పుడుకు మా బావ ఓబళప్ప లోపల్నుంచి వచ్చాడు.

"ఏమప్పా, పాత ఇనుము గుజరీకి పోతా పోతా దారి తప్పినావా?"

"లేదంకుల్. ఇది రేస్‌కి," అన్నాడు సందీప్.

బావ కడుపు పట్టుకొని నవ్వాడు. "రేసుకా! గెలిచినాక ఆ తాడు మాకిచ్చేయప్పా. పటం కట్టి పెట్టుకుంటాము."

సందీప్ కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. కిందికి వంగి చూస్తున్నాను. డ్రైవరు సీటు కింద నేల తుప్పు తిని జల్లెడలాగా ఉంది. దాంట్లోంచి షెడ్డు మట్టి కనపడుతోంది.

షెడ్డు రైలు స్టేషన్ వెనక ఉంది. మా ఇద్దరిదీ. బావ అంటే మా అక్క మునిలక్ష్మి మొగుడు. ఆయన వెల్డింగ్ చేస్తాడు. నేను టింకరింగ్. సొట్టలు తీయడం, తుప్పు కోసేసి కొత్త రేకు వేయడం నా పని. మూడో తరగతిలో నాకు బడి అచ్చిరాలేదు. అక్క పెళ్ళి కాగానే నన్ను బావ వెంట పనికి పంపారు. అప్పటినుంచి ఆయన పక్కనే ఉన్నాను.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. రెండు ఇనుప ముక్కలు కలపాలంటే ముందు నేను వాటిని సరిగ్గా నిలబెట్టి, అంచుల వెంట అక్కడొకటి ఇక్కడొకటి చుక్కలు వేస్తాను. వాటిని కుట్లు అంటాం. ముక్క జరగకుండా ఆపడానికే అవి. బరువు మోయవు. తర్వాత బావ వచ్చి ఒక కుట్టు నుంచి ఇంకో కుట్టు దాకా నిండుగా అతుకు పోస్తాడు. కుట్టు నాది, అతుకు ఆయనది. ఆయన పోసిన అతుకును నేను మళ్ళీ వంగి చూసింది లేదు. చూడటం అంటే అనుమానించడమే కదా.

ఇంకొకటి కూడా చెప్పాలి. నేను మాట్లాడేది తక్కువ. అనాల్సింది ఒకసారి అంటాను. విన్నవాడు వింటాడు, లేనివాడు లేదు. దీనికి అక్క చిన్నప్పటినుంచి నన్ను తిడుతూనే ఉంది.

సందీప్‌కు వైట్‌ఫీల్డులో ఏదో కంపెనీలో పని. ఆ కారు వాళ్ళ నాన్నది. నాన్న పోయాక ఎవరూ తీయలేదు. మద్రాసుకు ఇవతల ఒక రేసు ట్రాక్ ఉంది. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు కూడా సొంత పాత కార్లు తెచ్చి పరిగెత్తించే పోటీ అక్కడ దసరా సెలవుల్లో పెడతారట. ఆ పోటీకి పేరు ఇచ్చేశాడు. ఇంజన్ పని ఇంకెక్కడో చేయిస్తానన్నాడు. మా దగ్గరికి వచ్చింది కారు ఒంటి పని కోసం.

"సీట్లు, కార్పెట్, ఏసీ, అన్నీ తీసేయాలి అంకుల్. వెయిట్ తగ్గాలి. లోపల రోల్ కేజ్ వేయాలి. స్పీడ్‌లో పల్టీ కొడితే టాప్ నా తల మీదికి రాకుండా ఇనుప పైపులు."

"పంజరమా," అన్నాడు బావ. "చిలక ఎవరు? నువ్వేనా?"

"నేనే అంకుల్."

"ముక్కు మాత్రం సరిగ్గా ఉండాది."

ఆ రోజునుంచి అతని పేరు చిలక. గేటు దగ్గర అతని స్కూటరు చప్పుడు వినపడగానే "చిలక వస్తా ఉండాది, జాంపండు కోయరా నారాయణా" అనేవాడు బావ.

కారును బోడి చేయడానికి చాలా దినాలు పట్టింది. సీట్లు సులభంగా వచ్చాయి. నేల మీద చప్పుడు రాకుండా అంటించిన తారు అట్టలు మాత్రం రాలేదు. ఉలి పెట్టి పెచ్చులు పెచ్చులుగా కొట్టి తీశాను. వాటి కింద ఒక హెయిర్‌పిన్ను, ఒక మాత్రల పట్టీ, చాక్లెట్ కాగితాలు దొరికాయి. మాత్రల పట్టీని సందీప్ చేతిలోకి తీసుకొని చూశాడు. "నాన్న బీపీవి" అని జేబులో పెట్టుకున్నాడు.

తుప్పు పట్టిన మేరకు నేల కోసేశాను. కోస్తూ పోతే మంచి ఇనుము ఎక్కడ మొదలవుతుందా అని వెతుక్కోవాల్సి వచ్చింది. మందం రేకు వంచి కొత్త నేల వేశాను. పంజరానికి ఆధారం ఆ నేలే. పైపు ఎంత గట్టిదైనా దాని కాళ్ళు నేలకు అతుక్కొని ఉండాలి. అతుక్కోకపోతే అది పంజరం కాదు, డ్రైవరు నెత్తి మీద వేలాడే ఇనుము. కారు బోర్లా పడిన క్షణాన కాలు ఊడితే ఆ పైపే మెడ మీదికి వస్తుంది. ఈ మాట సందీప్‌కు ఒకసారి చెప్పాను.

"తెలుసంకుల్. అందుకే మీ దగ్గరికి వచ్చా. ఓబళప్ప అంకుల్ వెల్డింగ్ అంటే చుట్టుపక్కల అందరూ చెప్తారు."

అది అబద్ధం కాదు. హొసకోట నుంచి ట్రాక్టరు ట్రాలీలు కూడా ఆయన కోసమే వచ్చేవి. పోసిన అతుకు మీది నల్ల పెచ్చును సుత్తితో తట్టి రాలిస్తే, కింద జడ అల్లినట్టు ఉండేది.

శనివారాలు సందీప్ వచ్చేవాడు. సీటు లేని కారులో ఖాళీ పెయింటు డబ్బా బోర్లించి కూర్చొని, స్టీరింగ్ పట్టుకొని, కళ్ళు మూసుకొని మలుపులు తిప్పేవాడు. నోటితో గేర్లు మార్చేవాడు. ఆ ట్రాక్ అతనికి అట్లా బట్టీ వచ్చింది.

"రేయ్ నారాయణా, చిలక్కి జ్వరం వచ్చినట్టుండాది."

"ప్రాక్టీస్ అంకుల్. కళ్ళు మూసుకున్నా మలుపు చేతికి తెలియాలి."

"అట్లనా," అన్నాడు బావ. నవ్వలేదు. తన వేళ్ళు రుద్దుకుంటూ, "చేతికి తెలుస్తాది. తెలుస్తాది" అన్నాడు.

పంజరం పని మొదలైంది. పైపులు వంచి, కొలిచి, నిలబెట్టి నేను కుట్లు వేసుకుంటూ పోయాను. ఆయన నా వెనకే అతుకులు పోస్తూ వచ్చాడు. ఆ పనిలో బావ ఒకటి రెండు కొత్త మాటలు అన్నాడు.

"కుట్టు కొంచెం ఉబ్బుగా వెయ్యరా. వెల్డింగ్ రాడ్డుకు తగలాల."

వేశాను. ఇంకోసారి మాస్కులోని నల్ల అద్దం మసకబారిందన్నాడు. కొత్తది తెచ్చాను. అదీ మసకే అన్నాడు. ఈ మధ్య వచ్చే సరుకంతా అంతే అనుకున్నాను. వెల్డింగ్ చేసేవాడి ముఖం మాస్కు వెనక ఉంటుంది. వాడి కళ్ళు ఎక్కడ చూస్తున్నాయో పక్కవాడికి కనపడదు. మాస్కు తీశాక వేళ్ళతో అతుకు పొడుగునా తడిమేవాడు. ఇనుము వేడిగా ఉన్నా తడిమేవాడు. తృప్తి కోసం అనుకున్నాను.

దసరా వచ్చింది. ఇంజన్ను, టైర్లను సందీప్ వేరే మెకానిక్కును తెచ్చి అప్పటికే మా షెడ్డులో బిగించాడు, రేసు సీటు ట్రాక్ దగ్గర వేసుకుంటానన్నాడు. ఆయుధపూజ ముందు దినానికి డ్రైవరు సీటు వెనక కాళ్ళు మాత్రమే మిగిలాయి. వాటికి కుట్లు వేసి, నేను పూజ సామాను తేవడానికి కాడుగోడి సంతకు పోయాను. బూదిగుమ్మడికాయ, అరటి మొక్కలు, బంతిపూలు, బొరుగులు తీసుకొని తిరిగి వచ్చేసరికి పంజరమంతా వెండి రంగులో మెరుస్తోంది. బావ చేతిలో బ్రష్ ఉంది. మోచేతుల దాకా పెయింటు.

"పెయింటు సందీప్ వేసుకుంటానన్నాడు కదా బావా," అన్నాను.

"పూజకు బోడిగా ఉంటే ఏం బాగుంటాదిరా. అతుకు అయిపోయింది. సుమ్మనే ఊరికే కూర్చునేదెందుకని వేసేసినా."

సుమ్మనే అన్నాడు. నేను అరటి మొక్కలు గేటుకు కట్టడానికి పోయాను.

మా షెడ్డులో ఆయుధపూజ బావ గురువు నేర్పిన పద్ధతిలో జరుగుతుంది. పొద్దున్నే పనిముట్లన్నీ కడిగి, తుడిచి, గుడ్డ పరిచి దాని మీద పెడతాం. విభూతి, కుంకుమ, పూలు. ఒకసారి పూజలో పెట్టిన పనిముట్టును మరునాడు దశమి పొద్దున మళ్ళీ కొబ్బరికాయ కొట్టి ఎత్తేదాకా ఎవరూ ముట్టరు. స్క్రూడ్రైవరు కూడా ముట్టరు. ముడితే ఆ చేతికి ఇక పని అచ్చిరాదంటారు. ఎంత అవసరం వచ్చినా ఆ ఒక్క దినం షెడ్డులో కరెంటు పని జరిగింది లేదు.

ఇంకో ఆనవాయితీ ఉంది. పూజ నాటికి షెడ్డులో ఉన్న పెద్ద పనికి అతుకు అతుకుకూ గంధం, కుంకుమ పెట్టాలి. అది కుట్టు వేసినవాడే పెట్టాలి. అంటే నేను.

సందీప్ మధ్యాహ్నం కొత్త చొక్కా వేసుకొని వచ్చాడు. కారును మోసుకుపోయే లారీ కూడా గేటు బయటికి వచ్చి నిలబడింది. దశమి పొద్దున ట్రాక్ మీద కార్ల తనిఖీ, ఆ వెంటనే ప్రాక్టీసు. అందుకని పూజ కాగానే బండి బయలుదేరాలి. అక్క చిత్రాన్నం, బొరుగుల గిన్నెలు సర్దుతోంది. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి సందీప్ చేతికిచ్చాం.

"దీన్ని కొట్టినాక వెనక్కి చూడకుండా పోవాల చిలకా," అన్నాడు బావ. ఆ పూట ఆయన తెల్ల పంచె కట్టుకొని, నుదుట అడ్డంగా విభూతి పెట్టుకొని, షెడ్డు మధ్యలో నిలబడి ఉన్నాడు. ఆయన్ని అంత సంతోషంగా నేను చాలా కాలంగా చూడలేదు.

గంధం గిన్నె పట్టుకొని కారులోకి దూరాను. పైన టాప్ దగ్గరి అతుకులకు పెట్టాను. ముందు కాళ్ళకు పెట్టాను. ముందు భాగం గేటు వైపు ఉంది, మంచి వెలుతురు. వెనక భాగం షెడ్డు మూలకు ఉంది. అక్కడ చీకటి. డ్రైవరు సీటు వెనక కాలు దగ్గరికి వచ్చి, బొటనవేలితో గంధం అద్దాను. పెయింటు పైపైనే ఆరింది, లోపల ఇంకా పచ్చిగా ఉంది. నా గోరు దిగింది.

అతుకు మీద గోరు దిగదు.

కాలు చుట్టూ గోరు పెట్టి గీశాను. పెయింటు పొర చిరిగి, పైపుకూ, దాని కింద నేల మీద వేసిన ఇనుప పలకకూ మధ్య సన్నటి సందు బయటపడింది. నా కుట్టు వచ్చిన చోట గోరు ఆగింది. కుట్టు దాటగానే మళ్ళీ దిగింది. బావ అతుకు ఉంది. లేకపోలేదు. సందుకు పక్కగా, పలక మీద, జడ అల్లినట్టు అందంగా పోసి ఉంది. దేన్నీ దేనికీ కలపకుండా అట్లా పడుకొని ఉంది. ఇంకో వెనక కాలు చూశాను. దానిదీ అదే కథ. రెండు కాళ్ళనూ పట్టుకొని ఉన్నవి నా కుట్లే.

ఉబ్బుగా వెయ్యమన్న మాట, మసకబారిన అద్దం, వేడి ఇనుము మీద వేళ్ళు, అన్నీ అప్పుడు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. నేను అక్కడే గొంతుక్కూర్చున్నాను.

"ఏమిరా, లోపలే పండుకుంటివా?" అంది అక్క. "కర్పూరం ఆరిపోతా ఉండాది."

బయటికి వచ్చాను. బావ చెయ్యి పట్టుకొని అరటి మొక్క పక్కకు తీసుకుపోయాను.

"బావా, వెనక కాళ్ళు అతకలేదు. బండి పోకూడదు."

ఆయన ముఖం నా వైపు తిరిగింది. చూపు మాత్రం నా చెవి పక్కనుంచి ఎక్కడికో పోయింది. అది ఆ రోజే గమనించాను.

"ఎవరు చెప్పింది?"

"గోరు దిగింది."

"కుట్లేసే గోరుకు అతుకు సంగతి ఏం తెలుసురా?" మెల్లగానే అన్నాడు. చెయ్యి విడిపించుకున్నాడు. తర్వాత అందరికీ వినపడేట్టు నవ్వుతూ అన్నాడు. "ఏం లేదప్పా. మా బామ్మర్దికి ఎండ తగిలింది. నువ్వు కాయ కొట్టు."

"అంకుల్, ఏమైనా ప్రాబ్లమా?" అన్నాడు సందీప్ నన్ను చూసి.

"నా అతుకులో ప్రాబ్లమా!" అన్నాడు బావ. "నువ్వు పుట్టకముందునుంచి పోస్తా ఉండా. కొట్టప్పా, ఆలస్యమవుతా ఉండాది."

"అక్కడ చెక్ చేస్తారు కదా అంకుల్ ఎట్లాగూ," అన్నాడు సందీప్ నాతో, నన్ను సముదాయిస్తున్నట్టు. "పైపు మందం, జాయింట్లు, అన్నీ చూస్తారు."

చూసేది పైపైన. పైన వెండి రంగు ఉంది. దాని కింద అందమైన అతుకు ఉబ్బు కూడా కనపడుతుంది. వాళ్ళు తల ఊపి పంపించేస్తారు.

లారీ అతను కారు ఎక్కించే రేకు బల్ల కిందికి దించాడు. సందీప్ గుమ్మడికాయను తలపైకి ఎత్తాడు. నేను ఒకసారి చెప్పాను. ఎవరూ వినలేదు. రెండోసారి చెప్పడానికి నా నోట్లో మాటలు లేవు.

పూజ గుడ్డ దగ్గరికి పోయి గ్రైండర్ తీసుకున్నాను.

"రేయ్ నారాయణా!" అక్క అరిచింది. "పూజలో ఉండాదిరా! ముట్టొద్దు!"

వైరు ప్లగ్గులో పెట్టాను. గ్రైండరుకు చుట్టిన బంతిపూల దండ తీయలేదు. స్విచ్ వేయగానే పూలు చిరిగి ఎగిరాయి. కుంకుమ నా ముఖం మీద పడింది. కారులోకి దూరి వెనక కాలు మీద పెయింటు కోశాను. పచ్చి పెయింటు కాలిన కంపు కొట్టింది. నా వీపు మీద ఎవరో కొట్టారు. అక్క అనుకుంటాను. ఆపలేదు. తెల్లటి ఇనుము తేలి, దాని మధ్యలో నల్లటి సందు గీత గీసినట్టు కనపడేదాకా కోశాను.

గ్రైండర్ కింద పెట్టి గడ్డపార తీసుకున్నాను. దానికీ విభూతి ఉంది. కాలు కింద దాని మొన పెట్టి ఒక్క తొక్కు తొక్కాను. నా కుట్లు టప్ టప్‌మని తెగాయి. కాలు పలకను వదిలి పైకి లేచింది.

సందీప్ గుమ్మడికాయను మెల్లగా నేల మీద పెట్టి, కారులోకి వంగాడు. లేచిన పైపుకూ పలకకూ మధ్య తన వేలు పెట్టాడు. వేలు అవతలికి వచ్చింది. ఆ వేలును అట్లాగే ఉంచి, పైపు వంగిన దారి వెంట పైకి చూశాడు. అది తన మెడ ఉండే చోటికి పోతుంది.

బావ తోసుకొని వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చొని చేతులతో వెతికాడు. తెల్ల పంచెకు పెయింటు అంటింది. ఆయన వేళ్ళు పలక మీద పాకి తన అతుకును పట్టుకున్నాయి. దాని పొడుగునా ఒకసారి పోయి వచ్చాయి.

"ఉండాది కదరా ఇక్కడ," అన్నాడు. "నున్నగా ఉండాది. తెగలేదే."

"ఉండాది బావా. పక్కన ఉండాది."

ఆయన వేళ్ళు అక్కడే ఆగాయి. తర్వాత అతుకు మీదినుంచి కొంచెం కొంచెంగా జరిగి సందు దగ్గరికి వచ్చాయి. సందులోకి దిగాయి. నేను గ్రైండరుతో కోసిన అంచుకు ఒక వేలు తెగింది. ఆయన తీయలేదు.

"అంకుల్," అన్నాడు సందీప్. "మీకు కనపడదా?"

బావ లేచాడు. గేటు వైపు నడిచాడు. దారిలో ఉన్న గుమ్మడికాయ కాలికి తగిలి తూలాడు. అక్క పరుగెత్తి రెక్క పట్టుకుంది. అందరి ముందూ ఆయన రెక్క పట్టుకొని నడిపించడం అదే మొదటిసారి.

లారీ ఖాళీగా పోయింది. పోయేముందు అతను దించిన బల్ల ఎత్తుకుంటూ, "పండగ పూట ఇదేం బేజారప్పా" అన్నాడు. గుమ్మడికాయను ఎవరూ కొట్టలేదు. దాని మీది కర్పూరం నల్లమచ్చ వదిలి ఆరిపోయింది. సందీప్ చాలాసేపు కారు పక్కన నిలబడి, "థ్యాంక్స్ అంకుల్" అన్నాడు. నాకు ఆ మాట ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

దశమి పొద్దున పనిముట్లు ఎత్తడానికి షెడ్డులో పెద్దవాడు రావాలి. బావ రాలేదు. అక్క వచ్చింది. ఆమె చేతిలో కొబ్బరికాయ లేదు.

"నీకు తెలుసా అక్కా?" అన్నాను.

"పెండ్లానికి తెలియకుండా ఉంటాదా? కంటి క్యాంపుకు తీసుకుపోయినా. ఇది పొర కాదన్నారు. కంటి వెనక నరం చచ్చిపోయిందంట. ఆపరేషన్ లేదంట. ఎవరికీ చెప్పొద్దని తన తల మీద నా చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్నాడు. ఈ పంజరం ఒక్కటి చేసి మానేస్తా అన్నాడు. చివరి పని మంచి పనిగా ఉండాలన్నాడు."

"ఆ పిల్లోడు చచ్చేవాడు అక్కా."

"అవును, చచ్చేవాడు. కాదన్నానా?" అక్క ముఖం గట్టిగా ఉంది. "నువ్వు పుట్టినప్పటినుంచి నోరు మూసుకొని ఉంటివే. నిన్న కూడా నోరు తెరవకపోతివి. గ్రైండర్ తెరిస్తివి. అది కూడా పూజలోది. లారీవాని ముందర, ఆ పిల్లోని ముందర, నా ముందర."

ఆమె పోయాక పనిముట్లు ఒక్కొక్కటే నేనే ఎత్తాను. బావ మాస్కును, హోల్డరును మాత్రం గుడ్డ మీదే ఉంచాను.

సందీప్ ఆ పోటీకి పోలేకపోయాడు. కారును హొసకోటలో ఒక వెల్డింగ్ షెడ్డుకు తీసుకుపోయాడు. అక్కడివాడు బావ అతుకులన్నీ కోసి పారేశాడట, వెలుతురులో పోసిన మంచివి కూడా. ఒకచోట తప్పుంటే అన్నిటినీ నమ్మకూడదు అన్నాడట. అది నిజమే. నేనైనా అట్లాగే చేసేవాణ్ణి.

ఆ తర్వాత బావ షెడ్డుకు రాలేదు. ఇంటి ముందు అరుగు మీద కూర్చునేవాడు. నేను పోతే లోపలికి లేచిపోయేవాడు. నా చెప్పుల చప్పుడు ఆయనకు తెలుసు. ట్రాలీలు రావడం మానేశాయి. ఓబళప్పకు కళ్ళు లేవట అనే మాట హొసకోట దాకా పోయింది. ఆ మాట పోయిన దారి వెంటే పాత పనులు కూడా వెనక్కి వచ్చాయి. ఎవరో గేటు, ఎవరో మెట్ల కమ్మీలు తెచ్చి, ఇది ఆయన పోసిందే, ఒకసారి చూడు అనేవారు. చూసేవాణ్ణి. కొన్ని బాగుండేవి. కొన్ని లేవు.

ఎండాకాలంలో సందీప్ వచ్చాడు. ఒక చెయ్యి పట్టీలో వేలాడుతోంది. కంటి కింద నల్లగా కమిలింది.

"బోల్తా కొట్టా అంకుల్," అన్నాడు. నవ్వబోయి, నొప్పికి ఆపేశాడు. "ఫస్ట్ రేస్‌లోనే. మలుపులో వెనకవాడు తగిలాడు. గాల్లో తిరిగి టాప్ మీద పడింది. టాప్ మొత్తం అణిగిపోయింది. కేజ్ మాత్రం కదల్లేదు. చెయ్యి ఒక్కటే." పట్టీ సర్దుకున్నాడు. "కారు ఇంక పనికిరాదు. అక్కడే గుజరీకి ఇచ్చేశా. ఆ రోజు మీరు ఆపకపోతే..."

నేను తల ఊపాను. అతను పోయాక షెడ్డు తాళం వేసి బావ ఇంటికి పోయాను. ఆ సంగతి వింటే ఏదన్నా మారుతుందనుకున్నాను. చెప్పులు గేటు బయటే విడిచాను. అరుగు ఎక్కేదాకా ఆయనకు తెలియలేదు. తెలిశాక లేవబోయాడు.

"బావా, చిలక బోల్తా కొట్టింది," అన్నాను.

కూర్చుండిపోయాడు.

"పోయినాడా?"

"బతికినాడు. పంజరం నిలిచింది. చెయ్యి విరిగిందంతే."

బావ ఊపిరి వదిలాడు. ఆయన వేళ్ళు అరుగు అంచు వెంట అటూ ఇటూ పోతున్నాయి. గచ్చు పగిలిన చోట ఆగి, మళ్ళీ పోతున్నాయి.

"హొసకోటవాడు పోసిందా?"

"ఊఁ."

"నాదేమన్నా మిగిల్చినాడా? ముందు కాళ్ళు?"

నేను మాట్లాడలేదు. నా మౌనం ఏ రకందో ఆయనకు చిన్నప్పటినుంచి తెలుసు.

"మంచి పని చేసినాడు," అన్నాడు.

లోపల్నుంచి అక్క వచ్చి గడపలో నిలబడింది. కాఫీ తాగుతావా అని అడగలేదు.

"ఆ దినం అరటి చెట్టు పక్క చెప్పినావు కదరా నాకు," అన్నాడు బావ. "వినపడింది. నువ్వు చెప్పకముందే నాకు తెలుసు. పెయింటు వేసేటప్పుడే ఏదో తేడాగా ఉండాదని వేలు చెప్పింది. వేలు మాట వినలేదు."

"బావా..."

"ఒకసారి చెప్పినావు. నేను కాదంటాను. మగోణ్ణి, పెద్దోణ్ణి, పంచె కట్టుకొని ఉండా, అందరూ చూస్తా ఉండారు. కాదనకుండా ఏమంటాను?" ఆయన గొంతు పెంచలేదు. "రెండోసారి చెప్పాల్సింది నువ్వు. రెండోసారి చెప్పింటే నేనే చేతులెత్తి, వద్దప్పా, బండి ఎక్కించొద్దు అనేవాణ్ణి. నేనే అనేవాణ్ణి."

అని ఉండేవాడో లేదో నాకు తెలియదు. ఆయనకూ తెలియదనుకుంటాను. ఇంకొకసారి అడిగి చూసే దారి లేదు.

"మాస్కు ఇంకా గుడ్డ మీదే ఉండాది," అన్నాను.

"ఎవరికన్నా ఇచ్చేయి."

లేచి గోడ పట్టుకొని లోపలికి పోయాడు. అక్క పక్కకు జరిగి దారి ఇచ్చింది. రెక్క పట్టుకోలేదు. ఇల్లు ఆయన చేతికి తెలుసు.

నేను గేటు దగ్గరికి వచ్చి చెప్పులు వేసుకున్నాను. అక్క వెనకే వచ్చింది.

"రేపు వస్తావా?" అంది.

"ఊఁ," అన్నాను. ఆమె ఇంకా నిలబడే ఉంది. ఎందుకు నిలబడిందో అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది.

"వస్తా అక్కా," అన్నాను మళ్ళీ.